నగరంలో ఒంటరి పాదచారి

చదువు కోసమో, పోటీ పరీక్షల శిక్షణ కోసమో పల్లె నుండి హైదరాబాదు చేరిన విద్యార్థికి చాలాకాలం వరకు నగరమంటే రెండు మూడు బస్సు నంబర్లు మాత్రమే. ఎక్కిన చోటు తెలుసు, దిగవలసిన చోటు తెలుసు. నడుమ ఉన్నదంతా కిటికీలో కదిలిపోయే దృశ్యం. ఈ కొరత కొంతైనా తీరడానికి ఒక ఆదివారం, ఒక నీళ్ళసీసా, కాళ్ళకు అలవాటైన చెప్పులు చాలు. తోడు లేకపోవడమే మేలు. నలుగురు కలిసి వెళితే మాటలన్నీ వారిలో వారికే సరిపోతాయి. ఒంటరిగా వెళ్ళినవాడు దారి కోసం అపరిచితులను అడగక తప్పదు.

ప్రయాణం చార్మినారు వద్ద, దుకాణాలు తెరవకముందే ఆరంభించాలి. అప్పుడే కట్టడాల ఆకృతి కంటికి నిండుగా అందుతుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీనిని కేంద్రంగా చేసుకొని కొత్త నగరాన్ని నెలకొల్పాడు. ఆ నగర రూపకల్పనలో అతని పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ప్రధాన పాత్ర వహించాడు. నాలుగు కమానుల నుండి నాలుగు దిక్కులకు వీధులు సాగుతాయి. ఉత్తరంగా కొద్ది నిమిషాలు నడిస్తే గుల్జార్ హౌజ్, దాని చుట్టూ ఎత్తైన నాలుగు తోరణాల చార్‌కమాన్ కనిపిస్తాయి. వాహనంలో వెళ్ళేవారికి ఈ తోరణాలు రాకపోకలకు అడ్డంకులుగా తోస్తాయి. ఒకటి దాటగానే మరొకటి ఎదురయ్యే ఆ కొలతలోని ఔచిత్యం కాలినడకన వచ్చినవారికే బోధపడుతుంది. మనిషి అడుగును, గుర్రం నడకను దృష్టిలో ఉంచుకొని కట్టిన నగరమిది. పత్తర్‌గట్టీలోని రాతి వసారాలు కూడా బాటసారికి నీడనిచ్చేవే. కాని ఎండ ఎక్కేసరికి సరుకులు, ద్విచక్రవాహనాలు చేరి అతనికి అడుగు మోపే చోటు కరవవుతుంది.

మదీనా కూడలి దాటగానే నయాపూల్, దాని కింద మూసీనది. బస్సు ఈ వంతెనను అర నిమిషంలో దాటుతుంది. పాదచారి మాత్రం ఇక్కడ కొంతసేపు నిలవాలి. నీటి రంగు, వాసన మనసును నొప్పిస్తాయి. వేసవిలో ఆ సన్నని మురికి ప్రవాహాన్ని చూసినవారికి, ఇది ఒకనాడు నగరాన్ని ముంచిందంటే నమ్మబుద్ధి కాదు. 1908 సెప్టెంబరు 28న అదే జరిగింది. వేలాది ప్రజలు మరణించారు. వంతెనలు కొట్టుకుపోగా, 1578 నాటి పురానాపూల్ ఒక్కటే రాకపోకలకు మిగిలింది. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలను పట్టుకొని ఆనాడు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. చార్మినారును చూడడానికి వచ్చే జనంలో నూరవ వంతైనా ఈ చెట్టు దగ్గరకు రారు!

ఆ ప్రళయం తరువాత ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాను కోరింది. ఫలితంగా ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే నగరవాసుల దాహం కూడా తీర్చాయి. అయినా నది తన దారిని పూర్తిగా మరువలేదు. 2025 సెప్టెంబరులో వరదనీరు సమీపంలోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చేరింది.

అఫ్జల్‌గంజ్‌లో దారి అడిగితే ఒకరు ఉర్దూలో చేయి చూపుతారు. మరొకరు "ఇట్లనే సక్కగ పో బిడ్డా" అంటారు. ఆ సక్కని దారి కోఠీకి చేరుస్తుంది. అక్కడి సుల్తాన్‌బజారులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువరులకు అది పెద్ద అండగా నిలిచింది. దానికి చేరువలోనే కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిషు రెసిడెన్సీ ఉంది. 1949లో ఆ ఆవరణలోకి మహిళా కళాశాల వచ్చింది. 2022లో అది విశ్వవిద్యాలయంగా మారింది. ఇన్ని తరాల విద్యార్థినులు నడిచిన ఈ వీధుల్లో కూడా యువతి ఒంటరిగా తిరిగితే ఆమెపై పడే చూపుల బరువు వేరు. చీకటి పడకముందే తిరిగి రమ్మని ఇంట్లో చెప్పే జాగ్రత్త ఆమెకే ఎక్కువ. పాదచారులందరికీ నగరం ఒకే కొలతన దక్కడం లేదు.

ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పాతపుస్తకాలు పరుస్తారు. మధ్యాహ్నం అక్కడే గడిచిపోతుంది. కొందరికి ప్రయాణం కూడా అక్కడే ముగుస్తుంది. కాళ్ళలో శక్తి మిగిలినవారు బషీర్‌బాగ్ మీదుగా 1562 నాటి హుస్సేన్‌సాగర్ కట్టను చేరవచ్చు. అప్పటికి నడిచినది సుమారు ఏడు కిలోమీటర్లు. నీటి నడుమ 1992లో ప్రతిష్ఠించిన బుద్ధవిగ్రహం మీద సాయంకాలపు ఎండ వాలుతుంది.

తిరుగు ప్రయాణం బస్సులోనే. బస్సు నయాపూల్ మీదికి వచ్చేసరికి చీకటి పడుతుంది. కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థి ఆసుపత్రి వైపు తల తిప్పి, చింతచెట్టు ఉన్న చోటు కోసం వెదుకుతాడు.