పూనకమా? వ్యాధికి తొలి సూచనా?

మనోవైద్యుడనైన నన్ను యాత్రికులు తరచుగా అడిగే ప్రశ్న: "అమ్మవారు పూనడం మీ దృష్టిలో వ్యాధియేనా?" కాదు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాల మరునాడు పచ్చికుండపై నిలిచి రంగం వినిపించే స్త్రీ పలుకును వేలాదిమంది భక్తితో ఆలకిస్తారు. అది సమాజమెరిగిన ఆచారం. దానికొక వేళ, ఒక ముగింపు ఉన్నవి.

మేము గమనించేది వేరు. చక్కగా చదివే యువకుడు నెలల తరబడి స్నేహితులను విడిచి గదికే పరిమితమవుతాడు. నిద్ర తప్పుతుంది. అన్నంలో ఇంటివారే ఏదో కలుపుతున్నారని శంకిస్తాడు. ఎవరికీ వినబడని గొంతు తనకు వినబడుతున్నదంటాడు. అది దైవవాణి అని అతడు చెప్పినచో, ఇటువంటిది మన ఆచారంలో ఉన్నదేనా అని ఊరి పెద్దలను, అర్చకులను అడగండి. (ఈ సంగతి నాకంటె వారికే బాగుగా తెలియును.) వారికి వింతగా తోచినా, చదువు కుంటుపడినా జాగు చేయరాదు.

ఇటువంటి వారందరికీ వ్యాధి ముదరదు. ముదిరేవారికి మాత్రం తొలినాళ్ళ చికిత్స ఎంతో మేలు చేస్తుంది. దిష్టి, గాలి, గ్రహదోషం అన్న మాటలను వైద్యుని వద్ద దాచవలదు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన 16 ప్రశ్నల పట్టికలో, బాధకు కారణమేమని కుటుంబం తలుస్తున్నదనేది కూడా ఒకటి. మొక్కు తీర్చుకుంటూనే చికిత్స పొందవచ్చును. ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.