గర్భిణీ ఆహారం – పసిబిడ్డల రక్తకాన్సర్

సీలేరు నది ఒడ్డున ఉన్న డొంకరాయి విద్యుత్కేంద్రపు కాలనీకి నేను అప్పుడప్పుడు వెళ్ళి రోగులను చూస్తుంటాను. ఒక పర్యాయం అక్కడ ఒక ఇల్లాలు తన నాలుగేళ్ళ కుమారుని తీసుకొని వచ్చింది. బిడ్డకు రక్తకాన్సర్ అని తేలి విశాఖపట్నంలో చికిత్స జరుగుతున్నది. ఆమె మందు అడుగలేదు. "అయ్యగారూ, కడుపుతో ఉన్నప్పుడు నేను పనసతొనలు, బొప్పాయిపండు తిన్నందుకే బిడ్డకు ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?" అని కన్నీరు పెట్టుకొన్నది. ఎందరో తల్లులను వేధించే ఈ ప్రశ్నకు సమాధానం వ్రాయుట నా విధి అనుకొన్నాను.

వ్యాధి ఎట్లు పుట్టును?

ఎముకలలోని మజ్జలో తెల్లరక్తకణాలు పక్వం చెందక, అదుపు తప్పి పెరుగుటయే ఈ వ్యాధి. పలువురు బిడ్డలలో తొలి మార్పు గర్భంలోనే జరుగుతుందనీ, పుట్టిన పిదప మరొక మార్పు తోడైనప్పుడే వ్యాధి బయటపడుతుందనీ బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మెల్ గ్రీవ్స్ కవల పిల్లలపై పరిశోధనలతో చూపారు. తొలి మార్పు గల శిశువులలో అత్యధికులకు వ్యాధి రానే రాదు.

ఆహారానికి సంబంధమేమి?

కాలిఫోర్నియాలో 138 మంది వ్యాధిగ్రస్తులైన బిడ్డల తల్లుల ఆహారాన్ని, ఆరోగ్యవంతులైన బిడ్డల తల్లుల ఆహారంతో పోల్చి 2004లో ఫలితాలు ప్రకటించారు. గర్భధారణకు ముందు సంవత్సరంలో కూరలు, పండ్లు, మాంసకృత్తులు ఎక్కువగా తీసుకొన్న వారి బిడ్డలలో వ్యాధి తక్కువగా కనిపించింది. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2014లో చూసినప్పుడు, ఫోలిక్ ఆమ్లం సేవించిన తల్లుల బిడ్డలలోనూ అట్లే కనబడింది. ఇది సంబంధమే గాని, రక్షణకు హామీ కాదు. తల్లిపై మోపదగిన నేరమూ కాదు. పనసతొనల వలన, బొప్పాయి వలన ఈ వ్యాధి వచ్చునని ఏ ఆధారమూ లేదు.

ఈ ఫోలిక్ ఆమ్లపు కథలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిదప అమెరికా వెళ్ళారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. ఆ మందుతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది బిడ్డలకు చికిత్స చేయగా, 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు 1948లో ప్రకటించారు. తల్లికి మేలు చేసే ఫోలిక్ ఆమ్లాన్ని వ్యాధి కణాలకు అందకుండా చేయుటయే ఆ చికిత్స. కనుక వ్యాధిగ్రస్తుడైన బిడ్డకు బలమందులు, విటమిన్లు సొంతంగా ఇవ్వరాదు.

ఆచరించవలసినవి

1. సంతానం కోరు స్త్రీ గర్భధారణకు ముందునుండే తోటకూర, పాలకూర, మునగాకు, పెసలు, శనగలు, కందులు తినవలెను. మన్యంలో పండే రాజ్‌మా గింజలు, చోడి అంబలి కూడా మంచివే.

2. ఆకుకూరను మూతపెట్టి కొద్దిసేపే ఉడికించవలెను. ఉడికిన నీటిని పారబోయక పప్పులో కలుపవలెను.

3. వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, ఇనుము మాత్రలు మానరాదు.

4. జీలుగుకల్లు, ఇప్పసారా, పొగాకు గర్భిణి ముట్టరాదు. చరకసంహిత శారీరస్థానం గర్భిణికి మద్యాన్ని వేలయేండ్ల క్రిందటే నిషేధించింది.

5. భస్మాలను, లోహపు మందులను సొంతంగా వాడరాదు.

గమనించవలసినవి

బిడ్డకు తగ్గని జ్వరం, పాలిపోవుట, చర్మంపై ఎర్రని చుక్కలు, చిగుళ్ళ రక్తస్రావం, ఎముకల నొప్పులు, మెడలో గడ్డలు కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే రక్తపరీక్ష చేయించవలెను. విశాఖలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నవి. సకాలంలో పూర్తి చికిత్స పొందిన బిడ్డలలో చాలామంది కోలుకొంటున్నారు.

ఆ ఇల్లాలితో నేను చెప్పినది ఇదే: "అమ్మా, తప్పు నీది కాదు. చికిత్స నడుమ మానకుండా చేయించు." ప్రక్కనే కూర్చున్న అత్తగారు మారుమాట లేక, మనుమని తన ఒడిలోకి తీసుకొన్నది.