ఒక్క మార్పు, ఒక్క పరుగు

జనరల్ షిఫ్టు ముగించుకొని అందరూ ఇళ్లకు చేరే వేళకు మా క్వార్టర్ల వెనుకనున్న ఖాళీ స్థలంలో సన్నని రొద ఒకటి మొదలవుతుంది. అది మా ఇంటి చిన్న ట్రక్కుది. అసలు వాహనంలో పదోవంతు కొలతతో తయారైన ఈ రేడియో కంట్రోల్ ట్రక్కు బరువు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. చూసేవారికి ఇది పిల్లల ఆటవస్తువు. విప్పి చూసినవారికి మాత్రం స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, డిఫరెన్షియల్, క్లచ్ అన్నీ అమరిన నిజమైన యంత్రం.

ఈ వినోదానికి అర్ధ శతాబ్ది చరిత్ర ఉంది. జపాన్‌లోని తమియా సంస్థ 1976లో తన తొలి రేడియో కంట్రోల్ కారును, 1979లో మట్టినేలపై పరుగెత్తగల శాండ్ స్కార్చర్‌ను విడుదల చేసింది. 1984లో అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సి10 అనే బండిని తెచ్చింది. అల్యూమినియం ఛాసిస్, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు దాని ప్రత్యేకతలు. అటువంటి బగ్గీలనుంచే పెద్ద చక్రాల ట్రక్కులు రూపుదిద్దుకున్నాయి. బండిని కొన్నవాడే దానిని తన నేలకు తగినట్లు సరిదిద్దుకోవాలన్నది ఈ ఆటలోని అసలు విషయం.

మా తొలి పాఠం

ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బుకు తాతగారు ఇచ్చిన కానుక కలిపి, పదో తరగతి సెలవులలో మా అబ్బాయి ఈ ట్రక్కు కొనుక్కున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా అది బోల్తా పడేది. యంత్రాల మరమ్మతులో ఇన్నేళ్ల అనుభవం ఉన్నదన్న ధీమాతో మేము రంగంలోకి దిగాము. ఒక ఆదివారం ఉదయం స్ప్రింగులు మార్చాము, షాకులలో చిక్కని నూనె పోశాము, చక్రాల వాలు సవరించాము, వేగం పెరుగుతుందని మోటారుకు పెద్ద పినియన్ కూడా బిగించాము. పది నిమిషాలు తిరగకముందే కాలిన వాసన వచ్చి బండి ఆగిపోయింది. పెద్ద పినియన్ వల్లనా, పళ్లు మరీ బిగుతుగా కలిసినందువల్లనా? మేము చెప్పలేకపోయాము. మా వాడు ఒక్క మాటా అనకుండా ట్రక్కును పెట్టెలో పెట్టి అటకమీదికి ఎక్కించాడు.

ఆ రాత్రి భోజనాల వద్ద మా అమ్మాయి, “నాన్నా, డ్యూటీలో కూడా ఇలా నాలుగూ ఒకేసారి మారుస్తారా?” అని అడిగింది. మార్చము. చేసిన ప్రతి సవరణనూ లాగ్‌బుక్కులో రాసి, ఫలితం చూసిన తరువాతే మరొకదాని జోలికి వెళతాము. గేటులోపల తప్పక పాటించే నియమాన్ని ఇంట్లో మరిచిపోయాము. నెల తరువాత కొత్త మోటారుతోపాటు ఒక నోటు పుస్తకం కూడా కొన్నాము. ఒక్క మార్పు, ఒక్క పరుగు, ఒక్క వాక్యం. ఇదే అప్పటినుంచి మా పద్ధతి.

ముందు నేల, తరువాత బండి

నోటు పుస్తకం తొలి పేజీలోనే ఒక సంగతి బయటపడింది. బండి బోల్తా పడేది వదులుమట్టిలో కాదు, చక్రాలకు పట్టు బాగా దొరికే గట్టినేలమీద. పట్టు ఎక్కువైనచోట పక్కకు జారవలసిన బండి చక్రాలు నిలదొక్కుకొని ఒరిగిపోతుంది. షాకుల మీది సవరణ రింగులను పైకి తిప్పి ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు తగ్గించాము. పది రౌండ్లలో ఆరుసార్లు పడే బండి రెండుసార్లే పడింది. ఎత్తు కొలిచేటప్పుడు బ్యాటరీ అమర్చి, బండిని జానెడు ఎత్తునుంచి వదిలి, అది కుదురుకున్న తరువాత చూడాలి. ఎగుడుదిగుడు నేలకు ఎత్తు పెంచాలి, చదును నేలకు తగ్గించాలి.

తరువాతివి షాకులు. సిలికాన్ నూనె వేడికి పలచబడుతుంది. శీతాకాలంలో 30 వెయిట్ నూనె సరిపోయిన బండికి మే నెల ఎండలో 35 కావలసి వచ్చింది. నూనె పోసిన తరువాత పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ గాలి బుడగలన్నీ పోయేవరకు ఓపిక పట్టాలి. చక్రాలు తిప్పినా బండి తిన్నగానే పోతుంటే ముందు స్ప్రింగులు మెత్తబరచాలి. వెనుక భాగం గిర్రున తిరిగిపోతుంటే వెనుకవి మెత్తబరచాలి. ఏ వైపు మెత్తబడితే సాధారణంగా ఆ వైపు పట్టు పెరుగుతుంది.

చక్రాల పైభాగం ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వాలి ఉండటం మంచిది. టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతుంటే వాలు ఎక్కువైనట్లు. వెనుక చక్రాల ముందు అంచులు మూడు డిగ్రీలదాకా లోపలికి చూస్తుంటే బండి తిన్నగా నిలుస్తుంది.

వేడిని లెక్కపెట్టాలి

మా మోటారును బలిగొన్న పళ్ల అమరిక సంగతి. పినియన్‌కు, పెద్ద చక్రానికి నడుమ సన్నని కాగితపు ముక్క పెట్టి మోటారును దగ్గరకు జరిపి బిగించాలి. తిప్పినప్పుడు కాగితం మడతలు పడి చిరగకుండా బయటకు వస్తే అమరిక సరిగా ఉన్నట్లు. పినియన్ ఒక్క పన్ను పెరిగినా మోటారుపై భారం పెరుగుతుంది. అందువల్ల అయిదు నిమిషాల పరుగు తరువాత మోటారు వేడిని కొలుస్తాము. 70 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ రోజుకు ఆట కట్టు. స్లిప్పర్ క్లచ్‌ను, నిలిచినచోటునుంచి పూర్తి వేగం ఇచ్చినప్పుడు అడుగు దూరం జారేటట్లు బిగిస్తాము. ఎగిరి దూకిన బండి నేలను తాకేటప్పుడు గేరు పళ్లను కాపాడేది అదే.

బ్యాటరీ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. లిథియం పాలిమర్ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు. 3.2 కంటె దిగువకు పోనివ్వకూడదు. వారం రోజులకు మించి దాచవలసివస్తే 3.8 వద్ద ఉంచాలి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీని 5 ఆంపియర్లకు మించకుండా, సెల్లులను సమతూకంలో నింపే చార్జర్‌తో, సిమెంటు గచ్చుమీద, ఎదుట కూర్చొని చార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. ఇక ట్రాన్స్‌మిటర్‌ను అన్నిటికంటె ముందు ఆన్ చేయాలి, అన్నిటికంటె చివర ఆపాలి. లేకుంటే అదుపు లేని బండి ఎవరి కాళ్లమీదికైనా రావచ్చు.

మా అబ్బాయి ఇప్పుడు డిప్లొమా చదువుతూ హాస్టలులో ఉన్నాడు. ట్రక్కు, నోటు పుస్తకం మా అమ్మాయి చేతికి వచ్చాయి. మొన్నటి సెలవులకు వాడు వచ్చినప్పుడు బండి నాలుగు గుంతలు దాటి, గట్టినేల మలుపు తిరిగి, పడకుండా తిరిగి వచ్చింది. “ఏం మార్చావే?” అని వాడు ఆశ్చర్యపోయాడు. అమ్మాయి పుస్తకం అందించింది. ఏడు వారాలలో ఏడు మార్పులు, వాటిలో మూడింటి పక్కన “పనికిరాలేదు, వెనక్కి మార్చాను” అని రాసి ఉంది. ఆ మూడు వాక్యాలు చదివి మేము ఎంతో సంతోషించాము. తప్పిన ప్రయత్నాన్ని దాచకుండా రాసిపెట్టడం మాకు అలవడటానికి ఉద్యోగంలో చాలా ఏళ్లే పట్టింది.