విమానంలో ఖాళీ సీటు

సంతలో టమాటాలు అమ్మే అమ్మను చూడండి. పొద్దున కిలో ముప్పై రూపాయలు అంటుంది. పొద్దుగూకే వేళకి పదిహేనుకే ఇచ్చేస్తుంది. ఎందుకని? రేపటికి కాయ మెత్తబడుతుంది. అందుకే వచ్చిన కాడికి అమ్ముకుంటుంది.

విమానంలో సీటు కూడా అంతే. విమానం లేచిపోయాక ఖాళీ సీటును ఎవరికీ అమ్మలేరు. సీట్లు నిండినా, నిండకపోయినా ఖర్చు ఇంచుమించు ఒకటే. చమురు కొనాలి. విమానానికి అద్దె కట్టాలి. జీతాలు ఇవ్వాలి. అద్దె డాలర్లలో కట్టాలి. రూపాయి విలువ తగ్గితే ఆ ఖర్చు పెరుగుతుంది.

మన దేశంలో 1953లో ప్రభుత్వం విమాన కంపెనీలను తన చేతిలోకి తీసుకుంది. 1990ల్లో ప్రైవేటు కంపెనీలు మళ్లీ వచ్చాయి. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ మొదలుపెట్టారు. అందులో తిండి ఉచితంగా పెట్టరు. టికెట్ మాత్రం చవక. కొన్ని టికెట్లు ఒక్క రూపాయికే అమ్మారు. బస్సు, రైలు తప్ప ఎరగని వాళ్లు ఎందరో విమానం ఎక్కారు. అది చూసి మిగతా కంపెనీలూ ధర తగ్గించాయి.

పోటీ వల్ల జనానికి మేలు జరిగింది. కానీ ఖర్చు కంటే తక్కువకు అమ్మితే ఎన్నాళ్లు నిలవగలరు? ఎయిర్ దక్కన్ నష్టపోయి 2008లో కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు అందలేదు. ముందుగా టికెట్ కొన్నవాళ్ల డబ్బు ఇరుక్కుపోయింది.

మరి ఇండిగో ఎలా నిలిచింది? అది 2006లో మొదలైంది. మొదట్లో అన్నీ ఒకే రకం విమానాలు కొన్నది. దాంతో మరమ్మతు ఖర్చు తగ్గింది. విమానం దిగిన కాసేపటికే మళ్లీ ఎగిరేది. ఆటో ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత రాబడి కదా!

ఇప్పుడు దేశంలో విమానం ఎక్కే వందమందిలో అరవైమందికి పైగా ఇండిగోలోనే వెళుతున్నారు. 2025 డిసెంబరులో ఆ కంపెనీ వేల సర్వీసులు రద్దు చేసింది. జనం విమానాశ్రయాల్లో చిక్కుకుపోయారు. వేరే విమానాల్లో టికెట్ ధర ఆకాశానికంటింది.

సంతలో పదిమంది అమ్మేవాళ్లు ఉంటే బేరం ఆడగలం. ఒక్కరే మిగిలితే వాళ్లు చెప్పిందే ధర. అలాగని అందరూ నష్టానికి అమ్మితే రేపు సంతే ఉండదు. అమ్మేవాళ్లు బతకాలి, కొనేవాళ్లూ బతకాలి. అందుకు ఏం చేయాలి? అందరూ కలిసి మాట్లాడుకోండి.