పన్ను తీయించుకునే ముందు అడగవలసిన ప్రశ్న



పంటి నొప్పిని మనం చివరిదాకా ఓర్చుకుంటాం. లవంగ నూనె, ఉప్పునీళ్ళ పుక్కిలింత, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న రెండు మాత్రలు, ఇవన్నీ అయ్యాక ఏదో ఒక రాత్రి నిద్రపట్టకపోతే తెల్లవారి పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్తాం. అప్పుడు మన మనసులో రెండే ప్రశ్నలు: నొప్పి పుడుతుందా? ఎంత అవుతుంది? మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ అడగరు. నా నోట్లో పెట్టబోయే పనిముట్టు, నా గాయం మీద పోయబోయే నీళ్ళు క్రిములు లేనివేనా? ఈ సంచికలో ఆ ప్రశ్న గురించి చెప్పుకుందాం.

చిత్తూరు జిల్లా కుప్పం దాటితే తమిళనాడు వస్తుంది. అక్కడ తిరుపత్తూరు జిల్లాలో (మన తిరుపతి కాదు) తోళ్ళ పరిశ్రమకు పేరుపడిన వాణియంబాడి అనే పట్టణం ఉంది. 2022 జూలై నుండి 2023 ఏప్రిల్ వరకు ఆ ప్రాంతంలో 21 మందికి మెదడుకు సంబంధించిన అరుదైన ఇన్‌ఫెక్షన్ వచ్చింది. జ్వరం, విపరీతమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం, కొందరికి మూతి ఒక పక్కకు లాగేయడం. జబ్బు పేరు న్యూరో మెలియాయిడోసిస్. మన జిల్లాల నుండి కూడా ఎంతోమంది వైద్యానికి వెళ్ళివచ్చే వెల్లూరు సి.ఎం.సి. మిషన్ ఆసుపత్రి వైద్యులు, తమిళనాడు ప్రజారోగ్య శాఖ, ఐ.సి.ఎం.ఆర్. వారి చెన్నై సంస్థ కలిసి ఆరా తీశారు. 21 మందిలో 10 మంది ఆ ఊళ్ళో ఒకే దంత వైద్యశాలకు వెళ్ళినవారని తేలింది. ఆ 10 మందిలో 8 మంది చనిపోయారు. పళ్ళ చికిత్సతో సంబంధం లేని మిగతా 11 మందిలో చనిపోయినది ఒక్కరే. ఈ వివరాలు 2025లో లాన్సెట్ వారి ఆగ్నేయాసియా ప్రాంతీయ పత్రికలో వచ్చాయి.

ఎలా జరిగింది? సెలైన్ సీసా. పన్ను తీసిన గుంటను కడగడానికి సెలైన్ వాడతారు. అక్కడ ఆ సీసా మూతను పెరియోస్టియల్ ఎలివేటర్‌తో తెరిచేవారట. అది ఎముక నుండి చిగురును విడదీసే పనిముట్టు, అంటే రోగుల నోట్లో పెట్టేది. తెరిచిన సీసాకు కాస్త దూది కుక్కి, అదే సీసాను తరువాత వచ్చిన వారికీ వాడేవారు. వాడుకలో ఉన్న సీసాలోనే ఈ జబ్బు క్రిమి దొరికింది.

ఇందులో ఖరీదైన యంత్రం చెడిపోలేదు, మందు వికటించలేదు. చిన్న సీసా, దాని మూత, చిటికెడు దూది. అంతే. ఎనిమిది ఇళ్ళలో మనుషులు పోయారు.

సెలైన్ అంటే ఉప్పునీళ్ళు కదా, ఉప్పు క్రిములను చంపదా అని మీరు అడగవచ్చు. ఊరగాయలో ఉన్నంత ఉప్పు అయితే వేరు. సెలైన్‌లో ఉండేది నూటికి తొమ్మిది పదో వంతులు మాత్రమే (0.9 శాతం). అందులో క్రిములను ఆపే మందు ఏదీ కలపరు. సీలు ఉన్నంతసేపే అది శుద్ధమైనది, తెరిచాక నీళ్ళతో సమానం. మెలియాయిడోసిస్ క్రిమి తడి నేలలో, నీటిలో బ్రతుకుతుంది. వరి చేలు, కాలువలు ఉన్న మన కోనసీమ వంటి నేల దానికి కొత్త కాదు. షుగరు జబ్బు ఉన్నవారికి అది త్వరగా సోకుతుంది. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాలు జరిగినప్పుడు ఈ జబ్బు పేరు మన పత్రికల్లోనూ వినబడింది.

లేవీయకాండము 15వ అధ్యాయం చదివినవారికి ఒక సంగతి గుర్తుండవచ్చు. స్రావము గలవాడు ముట్టుకున్న మట్టిపాత్రను పగలగొట్టమని, కర్రపాత్రనైతే నీళ్ళతో కడగమని అక్కడ ఉంది. ఏది కడిగి మళ్ళీ వాడవచ్చు, ఏది పారవేయాలి అన్న తేడా ఇప్పటి ఆసుపత్రిలోనూ మొదటి పాఠమే. సూది, మత్తుమందు కార్‌ట్రిడ్జ్, ఉమ్మి లాగే గొట్టం మొన, గ్లౌజులు, తెరిచిన సెలైన్ ఇవన్నీ మట్టిపాత్రలు. ఒకరికి వాడితే పారవేయవలసిందే. ఫోర్సెప్స్, ఎలివేటర్లు, అద్దాలు, డ్రిల్లు బిగించే హ్యాండ్‌పీస్ మళ్ళీ వాడేవి, కాని ఊరికే కడిగితే చాలదు.

వాటికి ఆటోక్లేవ్ కావాలి. మన వంటింటి ప్రెషర్ కుక్కరుకు అది పెద్దన్న. 121 డిగ్రీల వేడి, 15 పౌనుల ఒత్తిడి ఆవిరిలో పనిముట్లు ఉండాలి, పొట్లం కట్టినవైతే అరగంట. వేడినీళ్ళలో మరిగించడం చాలామంది చూసే ఉంటారు. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కొన్ని క్రిములు గట్టి గింజల వంటి రూపంలో ఆ వేడిని తట్టుకుంటాయి. ఇంకో మాట, రక్తం ఎండి అంటుకున్న పనిముట్టును ఎంత గొప్ప ఆటోక్లేవ్‌లో పెట్టినా లాభం లేదు. ముందు బ్రష్‌తో రుద్ది కడగాలి.

కుర్చీ పక్కనున్న సన్నని నీటి గొట్టాల సంగతీ చెప్పాలి. వాటిలో నీళ్ళు రాత్రంతా నిలిచి, లోపలి గోడలకు పాచి పడుతుంది. ఇటలీలో 2011లో 82 ఏళ్ళ స్త్రీ ఒకామె దంత వైద్యశాల నీటి గొట్టం నుండి లెజియోనెల్లా క్రిమి సోకి మరణించింది. గొట్టాలకు ఎప్పటికప్పుడు మందు పెట్టి శుద్ధి చేయాలి, రోగికీ రోగికీ మధ్య 20 నుండి 30 సెకన్లు నీళ్ళు వదిలేయాలి. పన్ను తీసేటప్పుడు, ఎముక కోసేటప్పుడు ఆ నీళ్ళు అసలు వాడకూడదు. అప్పుడే తెరిచిన సెలైన్ కావాలి.

ఇంతవరకు మన గురించి. ఆ గదిలో మనకంటే ఎక్కువ అపాయంలో ఉన్నవారు ఇంకొకరు ఉన్నారు. చికిత్స అయ్యాక ట్రే తీసుకువెళ్ళి పనిముట్లు కడిగే అమ్మాయి. డాక్టరుగారు వాడే పలుచని గ్లౌజులతో ఆమె వాడిమొనల పనిముట్లు కడగకూడదు, మందపాటి రబ్బరు గ్లౌజులు ఇవ్వాలి. హెపటైటిస్ బి ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివారిలో నూటికి 30 మంది వరకు ఆ జబ్బు రావచ్చు. అదే హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి సుమారు ముగ్గురు. అందరూ భయపడేది రెండోదానికి, టీకా ఉన్నది మొదటిదానికి. మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. దంత వైద్యశాలలో పనికి పెట్టుకునే ప్రతివారికీ, ఊడ్చే ఆయమ్మకు కూడా, యజమాని ఈ టీకా వేయించాలన్నది నా అభిప్రాయం. జీతం మాట్లాడుకునేటప్పుడే అడగండి.

సూది గుచ్చుకుంటే రక్తం పిండవద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు. సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు కొద్ది గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. తిడతారని దాచిపెట్టుకున్న పిల్లలకు ఆ 72 గంటలు ఇట్టే గడిచిపోతాయి.

హెచ్.ఐ.వి. ఉన్న మన సహోదర సహోదరీలలో కొందరు పళ్ళ డాక్టరుకు ఆ సంగతి చెప్పరు, చెబితే వైద్యం చేయరేమోనని. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆ కారణంతో వైద్యం నిరాకరించడం తప్పు. ప్రతి రోగినీ ఒకే జాగ్రత్తతో చూసే చోట ఒకరి రహస్యం తెలియకపోయినా ఇంకొకరికి అపాయం రాదు. ఫలానా వారికి మాత్రం వేరే గ్లౌజులు, వేరే పనిముట్లు అని చెప్పే చోటుకు మీరు వెళ్ళకండి. మిగతావారికి ఏం వాడుతున్నట్టు?

బండారులంకలో చీర కొనేటప్పుడు మడత విప్పి, వెలుగులో పెట్టి, అంచు తిరగేసి చూస్తాం. నేతగాడు కోపగించుకోడు. పళ్ళ డాక్టరు దగ్గరా అలాగే మర్యాదగా అడగవచ్చు: "డాక్టరుగారూ, పొట్లం నా ముందు విప్పుతారా? సెలైన్ కొత్తది తెరుస్తారా?" పొట్లం మీది టేపు చారలు నల్లబడి ఉన్నాయేమో చూడండి. అది వేడి తగిలిందనడానికి గుర్తు. లోపల క్రిములన్నీ చచ్చాయని అది చెప్పదు, అందుకు వేరే పరీక్ష ఉంది. గ్లౌజులు వేసుకున్న చేతితో ఫోను ఎత్తి, మళ్ళీ అదే చేయి మీ నోట్లో పెట్టబోతే ఆపండి. శ్రద్ధగల డాక్టరు సంతోషిస్తారు.

పన్ను తీశాక రెండు మూడు రోజులు వాపు, కొద్దిపాటి నొప్పి సహజం. తరువాత జ్వరం, తగ్గని తలనొప్పి, ఒకటి రెండుగా కనబడటం, మాట తడబడటం ఉంటే పెద్దాసుపత్రికి వెళ్ళి, ఫలానా రోజున పన్ను తీయించుకున్నానని మీరే చెప్పండి. షుగరు ఉంటే అదీ చెప్పండి. మామూలు యాంటీబయాటిక్స్ మెలియాయిడోసిస్ మీద పనిచేయవు. దానికి సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ నరంలోకి కనీసం 10 నుండి 14 రోజులు, మెదడుకు పాకితే ఇంకా ఎక్కువ రోజులు ఎక్కించి, తరువాత నెలల తరబడి మాత్రలు వాడాలి. అది ఫలానా జబ్బని గుర్తించడానికి చేసే రక్త కల్చర్ పరీక్షను మందులు మొదలుపెట్టకముందే చేయించాలి.