నల్లగ్రుడ్డుపై నెత్తురుతీగలు

మన దేహమున సూదిమొన గ్రుచ్చినచో నెత్తురు చిమ్మని చోట్లు అరుదు. గోళ్ళు, వెండ్రుకల మాట అటుంచుడు; అవి జీవము లేనివి. జీవకణములతో నిండియుండియు రక్తనాళ మొక్కటియు లేని భాగము మన కంటి ముందరనే యున్నది. నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె అమరియున్న ఆ పొరను శుక్లపటల మందురు. నడుమ దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వెలుతురు లోనికి పోవుటకు అది గాజువలె నుండవలెను. అందు నెత్తురు పాఱినచో చూపునకు అడ్డు. కావున అది ప్రాణవాయువును కన్నీటి ద్వారా గాలినుండియు, ఆహారమును ముఖ్యముగా వెనుకనున్న నేత్రోదకమునుండియు గ్రహించి బ్రదుకుచున్నది.

అయితే తెల్లగ్రుడ్డు అంచువఱకు రక్తనాళములు వచ్చి ఆగియున్నవి. అవి గీత దాటకుండుటకు కారణమేమి? రక్తనాళములను మొలిపించు ప్రోటీను ఒకటి కలదు. దాని పేరు వి.ఇ.జి.ఎఫ్. ఆశ్చర్యమేమనగా శుక్లపటలమునందును అది యున్నది. కాని దానిని పట్టి బంధించు మఱియొక ప్రోటీనుకూడ అచ్చటనే యున్నదని 2006లో తేలినది. ఆ పరిశోధకులు పెక్కు జంతువుల కన్నులను పరీక్షించిరి. మానటీ యను సముద్రజంతువునకు ఈ కట్టడి ప్రోటీను లేదు. దాని శుక్లపటలమున రక్తనాళములున్నవి. దాని దగ్గఱి చుట్టమై, తమిళనాడు తీరమున పాక్ జలసంధిలో నివసించు డ్యూగాంగునకు ఆ ప్రోటీను కలదు; దాని కన్ను నిర్మలము.

ఈ కట్టడిని తెంచునది శోథము, అనగా ఎఱుపు, వాపు, నొప్పి కూడిన స్థితి. కంటిలో వరిపొట్టు గీచుకొనినను, సూక్ష్మజీవులు చేరి పుండు పడినను, అంచునందలి నాళములనుండి తెల్లకణములు వెలువడి గాయమునొద్దకు పరుగిడును. అవి మఱిన్ని కణములను పిలుచు రసాయనములను, వాటితోపాటు వి.ఇ.జి.ఎఫ్.ను గూడ విడుచును. బంధించు ప్రోటీను చాలకపోవును. దారికడ్డమైన తంతువులను ఎంజైములు కరగించును. నాళపు గోడకణములు మొలకవలె ముందునకు సాగి, గొట్టమై, నెత్తురు నింపుకొనును. ఆ క్రొత్త నాళములు తెల్లకణములకు రాజబాటలగును. వచ్చినవి మఱల నాళములను పిలుచును.

ఈ నాళములను శత్రువులని పూర్తిగా అనరాదు. పుండు మానుటకు అవి కొంత తోడ్పడును. కాని నిప్పార్పవచ్చినవారు ఆ యింటనే కాపురము పెట్టినట్లు, పని ముగిసినను తిరిగిపోవు. వాటి గోడలు బలహీనములు. నీరు, క్రొవ్వు బయటకు ఊరును. శుక్లపటలము తేటగా నుండుటకు మూలమైన తంతువుల సమానమైన అమరిక చెడి, తెల్లని మచ్చ నిలుచును. మన పెద్దలు “కంటిలో పువ్వు పడినది” అనునది ఇట్టి మచ్చనే.

తల్లిదండ్రులు ముఖ్యముగా ఎఱుగవలసినది తాంబూలపు సున్నమును గూర్చి. పిల్లలు ఆటగా నొక్కిన సున్నపు పొట్లము పగిలి కంటబడుట మనదేశమున తఱచు జరుగు ప్రమాదము. శుక్లపటలపు అంచున, దాని పైపొరను నిత్యము క్రొత్తగా పుట్టించు మూలకణములు కలవు. అవియే నాళములకు కంచె. సున్నము ఆ కంచెనే కాల్చును. తోడనే ఱెప్పలు విప్పి, శుభ్రమైన నీటితో కనీసము అరగంటసేపు ఎడతెగక కడిగి, ఆపై నేత్రవైద్యునియొద్దకు కొనిపోవలెను. ఆకుపసరు, పాలు పోయరాదు. ఇంట మిగిలిన చుక్కలమందును వేయరాదు: శోథమును అణచు స్టెరాయిడు మందు వైద్యుని చేతిలో కంటిని కాపాడును, బూజుజాతి జీవులచే పడిన పుండునందు అదియే చేటు తెచ్చును.

శుక్లపటలమును మార్చి చూపు తెచ్చుట 1905లో మొరేవియాలోని ఓలొమౌట్సు నగరమున డాక్టరు ఎడువర్డ్ జిర్మ్ చేతిలో తొలుత ఫలించినది; ఆ రోగి కన్నులును సున్నముచే కాలినవే. అయినను నాళములు ప్రాకిన కంట ఇట్టి మార్పిడి నిలుచుట కష్టము. వాటితోపాటు శోషరసనాళములును చేరి, పరాయి పొర వచ్చినదని దేహపు రక్షణకణములకు తెలియజేయును. మూలకణములు పోయినచోట ముందు కంచెను మఱల నాటవలెను. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు 2012లో ప్రకటించిన విధానమున, రోగియొక్క రెండవ కంటి అంచునుండి చిన్న ముక్కను తీసి, తునుకలుగా చేసి, కాలిన కంటిపై పరతురు. అవి పెరిగి పైపొరను నింపును. రెండు కన్నులును కాలినచో ఆ ముక్కను ఇతరుల కంటినుండి తీసికొనవలసివచ్చును. అప్పుడు దేహము దానిని త్రోసివేయకుండుటకు దీర్ఘకాలము మందులు వాడవలెను.