కనపడని కిరణాలతో కొలువు

సూరత్తు నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన, ముంబై–అహ్మదాబాదు జాతీయ రహదారి పక్కన ఉన్నది పల్సానా. తాలూకా కేంద్రమైన ఈ ఊరి చుట్టూ, పొరుగున ఉన్న కడోదరా చుట్టూ అద్దకపు మిల్లులు, మరమగ్గాల షెడ్లు వ్యాపించి ఉన్నవి. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారికి ఇక్కడ ఈ పనులే బ్రతుకుతెరువు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి సూరత్తు ప్రాంతంలో స్థిరపడి ఉన్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నదంటే ఇక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించవచ్చు.

అటువంటి ఇంట సైన్సుతో ఇంటర్మీడియట్ ముగించిన అమ్మాయికో అబ్బాయికో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: తండ్రి సంపాదన తట్టుకోగలిగినంత ఖర్చుతో, రెండుమూడేళ్లలో గౌరవమైన ఉద్యోగం చూపగల చదువేది? ఆ ప్రశ్నకు తరచుగా వినవచ్చే సమాధానాలలో రేడియోగ్రఫీ ఒకటి. ఎక్స్-రే, సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రాలు చిన్న పట్టణాలకు సైతం వచ్చిన ఈ రోజులలో ఆ సమాధానం తప్పు కాదు. అయితే "బటను నొక్కడమే కదా, ఆరు నెలలలో వచ్చేస్తుంది" అనే మాట మాత్రం నమ్మదగినది కాదు.

బటనుకు ముందు, బటను తరువాత

ఛాతీ ఎక్స్-రేనే ఉదాహరణగా తీసుకొనవచ్చు. రోగి నిటారుగా నిలబడాలి. ఛాతీ పలకకు ఆనాలి. గడ్డం పైకెత్తాలి. భుజాలు ముందుకు తిప్పితేనే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీదనుంచి పక్కకు తొలగుతాయి. ఎక్స్-రే గొట్టం వీపు వెనుక సుమారు ఆరడుగుల దూరాన ఉండాలి. అది మరీ దగ్గరైతే గుండె ఉన్నదానికన్నా పెద్దదిగా కనపడుతుంది. చివరగా రోగి గాలి నిండా పీల్చి బిగబట్టాలి.

ఈ ఆఖరి మెట్టులోనే భాష అడ్డు వస్తుంది. "శ్వాస్ రోకో" అన్న కేక ఊరినుంచి కొత్తగా వచ్చిన తెలుగు ముసలమ్మకు అర్థం కాకపోవచ్చు. ఆమె ఊపిరి వదలిన క్షణాన చిత్రం తీస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారి, లేని జబ్బు ఉన్నట్లు తోస్తుంది. మరల తీయవలసి వస్తుంది. అంటే ఆమె శరీరానికి అనవసరంగా రెండవ మోతాదు. అదే "దమ్ము బిగబట్టవ్వా" అని ఆమె మాటలోనే చెప్పగలవారుంటే పని ఒక్కసారితో ముగుస్తుంది. పలు రాష్ట్రాల శ్రామికులు చేరిన పల్సానా వంటి చోట తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చిన యువకుడికి ఆ భాషలే ఒక అర్హత.

మరొక చిన్న విషయం: చిత్రం అంచున కుడి ఎడమలను తెలిపే సీసపు అక్షరం. ఆ గుర్తు తారుమారైతే శస్త్రవైద్యుని కత్తి తప్పు వైపుకు వెళ్లే ప్రమాదమున్నది. చిత్రాన్ని చదివి రోగనిర్ణయం చేసేది రేడియాలజిస్టు అనే వైద్యుడు. ఆయన తీర్పుకు ఆధారమయ్యే సాక్ష్యాన్ని నిర్దుష్టంగా అందించేది రేడియోగ్రాఫర్.

చేతులు కాలిన తరువాత నేర్చిన పాఠం

విల్హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గులో ఈ కిరణాలను కనుగొన్నాడు. దానిపై ఆయన పేటెంటు తీసుకొనలేదు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. కొద్ది నెలలలోనే ప్రపంచమంతటా ఎక్స్-రే యంత్రాలు వెలిశాయి. వాటిని నడిపినవారిలో శిక్షణ పొందినవారెవరూ లేరు. శిక్షణ అనేదే అప్పటికి పుట్టలేదు.

ఆ అజ్ఞానానికి మూల్యం చెల్లించినవారిలో క్లారెన్స్ డాలీ ఒకడు. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో సహాయకుడైన డాలీ పదేపదే తన చేతులనే కిరణాలకు అడ్డుపెట్టి యంత్రాన్ని పరీక్షించేవాడు. చేతులు పుండ్లుపడి, క్యాన్సరు సోకి, వాటిని తొలగించినా ఫలితం లేక 1904లో మరణించాడు. ఎడిసన్ ఆ తరువాత ఎక్స్-రేల పనికే స్వస్తి చెప్పాడు.

పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వవలసిన అవసరాన్ని గుర్తించినవారిలో మేరీ క్యూరీ ప్రముఖురాలు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆమె ఎక్స్-రే యంత్రాలను మోటారు వాహనాలలో అమర్చి యుద్ధరంగానికి నడిపించింది. వాటిని పనిచేయించడానికి సుమారు 150 మంది స్త్రీలకు శిక్షణ ఇప్పించింది. విద్యుత్తు, ఎక్స్-రేల స్వభావం, శరీర నిర్మాణం, యంత్రంపై అభ్యాసం: ఇవి ఆమె పాఠ్యాంశాలు. నేటి తరగతి గదిలోనూ పునాది ఇదే.

చదువు నడిచే తీరు

అమెరికాలో ఈ వృత్తికి ప్రధాన ద్వారం కమ్యూనిటీ కళాశాల. స్థానికులకు తక్కువ ఖర్చుతో రెండేళ్ల చదువు చెప్పే ఈ తరహా సంస్థలకు 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జోలియట్‌లో బీజం పడింది. విద్యార్థి కొంతకాలం తరగతిలో, కొంతకాలం ఆసుపత్రిలో గడుపుతాడు. మన దేశంలో 1995లో పుదుచ్చేరిలో ఇటువంటి కళాశాల మొదలైంది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశవ్యాప్తంగా ఒక పథకం చేపట్టింది. అయినప్పటికీ ఇక్కడ రేడియోగ్రఫీని ప్రధానంగా వైద్య కళాశాలలు, పెద్ద ఆసుపత్రులకు అనుబంధమైన సంస్థలు డిప్లొమాగానో, బి.ఎస్‌సి.గానో బోధిస్తున్నవి. తెలుగు రాష్ట్రాలలో పారామెడికల్ బోర్డుల ఆధ్వర్యాన మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా ఉన్నది.

పార్లమెంటు 2021లో ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ చదువులకు ఒక కొలతను నిర్ణయించింది. సహాయక స్థాయి వృత్తికి కనీసం రెండేళ్లపాటు 2,000 గంటలు. ఉన్నత స్థాయి వృత్తికి కనీసం మూడేళ్లపాటు 3,600 గంటలు. ఆరు నెలల ధ్రువపత్రాన్ని చేతిలో పెట్టే సంస్థ ఎంత అందమైన ప్రకటన ఇచ్చినా ఈ కొలత ముందు నిలువదు.

భయం వద్దు, జాగ్రత్త కావాలి

"ఆ కిరణాలు ఒంటికి మంచివి కావు, ఆడపిల్లకు ఎందుకు?" అని సందేహించే తల్లులున్నారు. ఆ సందేహానికి అంకెలే సమాధానం. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతున్నది. ఒక ఛాతీ ఎక్స్-రేతో రోగికి అందేది సుమారు 0.02 మాత్రమే. సాధారణ సి.టి. స్కాన్‌తో దానికి వంద రెట్లకు మించి అందుతుంది. కనుకనే అవసరం లేని స్కాన్ కూడదు.

ఉద్యోగి విషయంలో అణుశక్తి నియంత్రణ మండలి విధించిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు. 18 ఏళ్లు నిండనివారిని ఈ పనిలో నియమించరాదు. గర్భవతి అయిన ఉద్యోగిని విషయంలో నియమాలు మరింత కఠినం. ప్రతి ఉద్యోగీ ఛాతీపై ధరించే చిన్న బ్యాడ్జీని సాధారణంగా మూడు నెలలకొకసారి పరీక్షించి, ఎంత మోతాదు సోకినదీ లెక్కగడతారు. రక్షణ సూత్రాలు మూడే: తక్కువ సమయం, ఎక్కువ దూరం, నడుమ సీసపు అడ్డు. మూలం నుంచి దూరం రెట్టింపైతే మోతాదు నాలుగవ వంతుకు తగ్గుతుంది. ఈ సూత్రాలను పాటించేవారికి ఇది ప్రమాదకరమైన వృత్తి కాదు. బ్యాడ్జీ ఇవ్వని చోట పని నేర్వడం, పని చేయడం మాత్రం ప్రమాదమే.

చేరబోయే ముందు

రుసుము కట్టకముందే తండ్రి, బిడ్డ కలిసి కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ చదువును గుర్తించిన విశ్వవిద్యాలయం లేదా ప్రభుత్వ మండలి ఏది? అభ్యాసం ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు? శిక్షణకాలంలో బ్యాడ్జీ ఇస్తారా? ఎక్స్-రే యంత్రానికి నియంత్రణ మండలి అనుమతి ఉన్నదా? నిజమైన సంస్థ వీటికి కాగితాలు చూపి జవాబు చెబుతుంది. చూపలేనిచోట బేరమాడడం కన్నా వెనుదిరగడం మేలు. సూరత్తులో 1964 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. ముందుగా అక్కడ విచారించడానికి ఖర్చయ్యేది బస్సు చార్జీయే.

ఈ చదువరుల అవసరమూ పెరుగుతున్నది. 2024 డిసెంబరు 7న దేశంలోని 347 జిల్లాలలో మొదలైన వందరోజుల క్షయ నివారణ కార్యక్రమంలో చేతితో పట్టుకొనే ఎక్స్-రే పరికరాలను జనావాసాలకే తీసుకొనివెళ్లారు. గాలి ఆడని గదులలో పదిమంది సర్దుకొని నిద్రించే కార్మికవాడలలోనే క్షయ సులభంగా పాకుతుంది. దగ్గును పొగ వల్లనో, రంగుల ఘాటు వల్లనో వచ్చినదని సరిపెట్టుకొనే కార్మికునికి ఒక స్పష్టమైన ఛాతీ చిత్రం సకాలంలో హెచ్చరిక కాగలదు. ఆ పైన కళ్లె పరీక్ష నిజం తేలుస్తుంది. ఆ చిత్రాన్ని తీసేది ఆ వాడలోనే పెరిగి, ఆ కార్మికుని భాషలోనే పలకరించే బిడ్డ అయితే అతడు భయం లేకుండా వచ్చి నిలబడతాడు.